రోడ్డు కం రైలు వంతెన: ఉక్కుకు కొదవలేదు, సంరక్షణకే కొరత

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి 1959లో వెలిగింది. స్వదేశీ ఉక్కు లభ్యత పెరిగిన ఆ తరంలోనే రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య గోదావరిపై రోడ్డు కం రైలు వంతెన రూపుదిద్దుకొంది. 1974లో ప్రారంభమైన ఈ కట్టడానికి యాభై ఏళ్లు నిండాయి.

అంతకు ముందు ఇక్కడ 1900 నాటి హేవలాక్ రైలు వంతెన ఒక్కటే ఉండేది. దానిపై ఒకే రైలు మార్గం. వాహనాలకు దారి లేదు; నది దాటేందుకు లాంచీలే ఆధారం. కొత్త వంతెన కింది అంతస్తులో రైళ్లకు, పై అంతస్తులో వాహనాలకు చోటు కల్పించి రెండు అవసరాలనూ తీర్చింది. 91.5 మీటర్ల ఖానాలు 27, 45.72 మీటర్లవి 7. మొత్తం సుమారు 2.8 కిలోమీటర్లు. హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. దీనికి ఆ భాగ్యం ఇంకా కలగలేదు.

ఈ రెండంతస్తుల అమరికలోనే చిక్కు కూడా ఉంది. పైన కాంక్రీటు దారి అతుకులు దెబ్బతింటే వాననీరు నేరుగా కింది ఉక్కు దూలాలపైకి కారుతుంది. మిద్దె కారితే ఇంటి వాసాలు పాడైనట్లే. కింద రైళ్లు నడుస్తుండగా తుప్పు గోకి రంగు వేయాలంటే రాకపోకల మధ్య దొరికే కాస్త వ్యవధిలోనే పని జరగాలి. పైదారి పని రాష్ట్ర రహదారులు, భవనాల శాఖది; రైలు మార్గం రైల్వేది. నీటి చుక్కకు మాత్రం ఈ సరిహద్దు తెలియదు.

2023 సెప్టెంబరు చివర మరమ్మతుల కోసం పైదారిని మూసివేసినప్పుడు ఉభయ తీరాల ప్రజలు చుట్టుదారి పట్టక తప్పలేదు. 2015లో నాలుగో వంతెన అందుబాటులోకి వచ్చినా పాతదానిపై ఆధారపడే స్థానికుల అవస్థ అప్పుడు స్పష్టమైంది. భారీ వాహనాలపై ఆంక్షలు సబబే. అయితే అవి భారాన్ని తగ్గిస్తాయే గాని తుప్పును ఆపవు.

2025 జూన్ 6న చినాబ్ వంతెన ప్రారంభాన్ని దేశమంతా వేడుకగా చూసింది. తొమ్మిది రోజులకే పుణె సమీపాన ఇంద్రాయణీ నదిపై పాత ఇనుప వంతెన కూలింది. జులైలో గుజరాత్‌లోని గంభీరా వంతెన కుప్పకూలి కనీసం 20 మంది మరణించారు. ప్రారంభోత్సవాలకు శిలాఫలకాలుంటాయి, రంగులు వేసిన ఏడాదికి ఉండవు. గోదావరి వంతెన విషయంలో ఉక్కు భాగాల తనిఖీ నివేదికను, తదుపరి మరమ్మతుల గడువును రెండు శాఖలూ కలిసి ప్రకటించడం కష్టమేమీ కాదు. రోజూ ఆ దారిన వెళ్లేవారు అడుగుతున్నది అంతే.