రేసు బాటలో మాజీ సైనికులకు సాంత్వన

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, సముద్రపు ఒడ్డున ఆంగ్లెసీ రేస్ సర్క్యూట్ ఉంది. ప్రపంచ యుద్ధాల అమరులను స్మరించుకునే నవంబరులో అక్కడ 12 గంటల కారు రేసు జరుగుతుంది. పేరు ‘రేస్ ఆఫ్ రిమెంబరెన్స్’. ఆదివారం ఉదయం రేసు మధ్యలో కార్లన్నీ ఆగిపోతాయి. డ్రైవర్లు, మెకానిక్‌లు, కుటుంబసభ్యులు పిట్ లేన్‌లో నిలబడి అమరులకు నివాళి అర్పిస్తారు. ఆ తర్వాత మళ్లీ ఇంజిన్లు మోగుతాయి.

2014లో మొదలైన ఈ రేసును నిర్వహిస్తున్నది ‘మిషన్ మోటార్‌స్పోర్ట్’ అనే సేవాసంస్థ. గాయపడిన, జబ్బుపడిన సైనికుల కోసం మేజర్ జేమ్స్ కామెరాన్ 2012లో దీన్ని ప్రారంభించారు. రేసులో పాల్గొనడం, కొత్త పని నేర్చుకోవడం, కోలుకోవడం... సంస్థ నినాదం ఈ మూడే. అయితే గుండె దడ పెంచే రేసు, యుద్ధంలో మనసు చెదిరినవారికి ఎలా మేలు చేస్తుందన్న సందేహం ఎవరికైనా వస్తుంది.

గాయం ఒకటి కాదు, రెండు

యుద్ధంలోనో, పేలుడులోనో చావును దగ్గరగా చూసిన కొందరిని ఆ ఘటన వదిలిపెట్టదు. పీడకలలు వస్తాయి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. గుంపులోకి వెళ్లరు. అకారణంగా కోపగించుకుంటారు. దీన్నే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) అంటాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది.

రెండో గాయం పైకి కనిపించదు. సైన్యంలో ఉన్నప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక పని, ఒక దళం, ‘నా వెనక వాడున్నాడు’ అన్న ధీమా ఉంటాయి. యూనిఫాం విప్పిన రోజున ఆ మూడూ ఒకేసారి పోతాయి. నిద్రమాత్రతో రాత్రి గడుస్తుంది గానీ, పోయిన దళం తిరిగి రాదు. రేసు జట్టు పూరించేది ఈ లోటునే.

పిట్‌లో ఏముంది?

సుదీర్ఘ రేసులో కారు ఇంధనానికో, టైర్ల మార్పుకో పిట్‌లోకి వస్తుంది. అక్కడ ఎవరి పని వారిదే. ఒకరు జాక్ ఎత్తుతారు, ఒకరు చక్రం బిగిస్తారు, మరొకరు గడియారం చూస్తూ రేడియోలో రెండు ముక్కల్లో సమాచారం చెబుతారు. ఒక్క నట్టు వదులైనా డ్రైవర్ ప్రాణానికి ముప్పే. సైనికుడికి ఇది బాగా తెలిసిన లోకం. కాలు లేనివారు సమయం లెక్కించవచ్చు, వ్యూహం చూడవచ్చు. చేతితో నడిపే బ్రేకు, యాక్సిలరేటర్ అమర్చితే కారూ నడపవచ్చు.

ఇంకో మేలు కూడా ఉంది. డాక్టరు ఎదుట కూర్చుని మనసు విప్పడం చాలామంది మగవాళ్లకు కష్టం. అదే ఇద్దరూ ఒకే ఇంజిన్ మీద వంగి పనిచేస్తున్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. పక్కవాడూ అదే బాధ పడి వచ్చినవాడైతే వివరించాల్సిన అవసరమే ఉండదు. పైగా నేర్చుకున్న మెకానిక్ పని రేపటి ఉపాధి అవుతుంది.

ఇది కొత్త సంగతి కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానంలో పనిచేసిన రెడ్ బైరన్ ఎడమ కాలు 1943లో తీవ్రంగా దెబ్బతింది. రెండేళ్లకు పైగా ఆసుపత్రుల్లోనే గడిపారు. ఆ కాలిని ప్రత్యేక అమరికతో క్లచ్ పెడల్‌కు బిగించుకుని రేసుల్లోకి తిరిగివచ్చి, 1949లో నాస్కార్ స్టాక్ కార్ల తొలి ఛాంపియన్ అయ్యారు. 2013లో గాయపడిన సైనికుల జట్టు ‘రేస్ టు రికవరీ’ కఠినమైన డాకర్ ర్యాలీలో 4 రేసు కార్లతో బరిలోకి దిగింది. గమ్యం చేరింది ఒక్కటే. ఆ కారులోని సహ డ్రైవర్ అఫ్గానిస్థాన్‌లో కాలు కోల్పోయిన సైనికుడు.

మందుకు బదులు కాదు

అదే ర్యాలీలో ఆ జట్టు సహాయక వాహనానికి, ట్యాక్సీలకు మధ్య పెరూలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఈ క్రీడలో ముప్పు ఎప్పుడూ ఉంటుంది. గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన అమెరికా సైనికుల్లో తొలి సంవత్సరాల్లో రోడ్డు ప్రమాద మరణాలు ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చెప్పాయి. ఒంటరిగా, కోపంతో, మద్యం తాగి రోడ్డు మీద చూపే వేగం జబ్బు లక్షణమే కావచ్చు. హెల్మెట్, నియమాలు, కాచుకునే జట్టు ఉన్న ట్రాక్ వేరు.

మూర్ఛ ఉన్నవారు, తలకు గట్టి దెబ్బ తగిలినవారు, మగత తెచ్చే మందులు వాడేవారు డాక్టరు అనుమతి లేకుండా స్టీరింగ్ పట్టకూడదు. పెట్రోలు వాసన, పెద్ద శబ్దం కొందరికి పాత ఘటనను గుర్తు చేస్తాయి. పీటీఎస్‌డీకి అసలు చికిత్స భయాన్ని క్రమంగా ఎదుర్కోవడం నేర్పే మానసిక చికిత్స, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు. క్రీడ దానికి తోడు మాత్రమే.

మన ఇళ్లలో...

మన జవాన్లలో చాలామంది 40 ఏళ్లలోపే ఇంటికి వస్తారు. పశ్చిమగోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్లలో దాదాపు ఇంటికొకరు సైన్యం చూసినవారే. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల తర్వాత కొనసాగించేది 25 శాతం వరకే. మిగతావారు పాతికేళ్ల వయసులోనే బయటికొస్తారు. వీరిలో అందరికీ మనోగాయం ఉండదు. దళం దూరమవడం మాత్రం అందరికీ ఉంటుంది.

ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చే మాజీ సైనికులు ‘భయమేస్తోంది’ అని చెప్పరు. బీపీ, కడుపులో మంట, నిద్రలేమి అంటారు. సైన్యంలో పనిచేశారా, పీడకలలు వస్తున్నాయా, మద్యం పెరిగిందా అని మేమే అడగాలి. ఖరీదైన రేసులు మనకు అందకపోవచ్చు. కానీ ఆ సూత్రానికి ట్రాక్ అక్కర్లేదు. ఊరి మెకానిక్ షెడ్డు, వాలీబాల్ జట్టు, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లకు శిక్షణ... నలుగురితో కలిసి, బాధ్యత ఉన్న పని ఏదైనా సరే. ‘ఎలా ఉన్నావు?’ అన్న ప్రశ్నకు నోరు విప్పని మనిషి, ‘ఈ బండి కాస్త చూసిపెట్టు’ అంటే కదులుతాడు.

ఎవరిని సంప్రదించాలి?

* లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి.
* మాజీ సైనికులు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లవచ్చు.
* టెలీ మానస్ నంబరు 14416కు 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. సైనిక బలగాల కోసం పుణెలో ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో మొదలైంది.
* చనిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి. వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.