గుమ్మం కనిపించే మంచం

మా వీధి చివర మూతపడ్డ కొట్టు అరుగుమీద ఒక ముసలాయన చాలా ఏళ్లుగా ఉండేవాడు. అందరం ‘తాతా’ అనేవాళ్లమే గాని పేరేమిటని ఎవరమూ అడిగిన పాపాన పోలేదు. కిందటేడు వర్షాల్లో దగ్గు ముదిరి పడిపోయాడు. ఊపిరితిత్తులు పూర్తిగా చెడ్డాయి, ఎక్కువ రోజులు లేవన్నారు డాక్టరుగారు. నలుగురం కలిసి ఒక ఆశ్రమంలో చేర్పించి, ఘనకార్యం చేశామనుకుంటూ ఇళ్లకు వచ్చాం. మూడోనాడు తెల్లవారేసరికి తాత మళ్లీ అరుగుమీదే ఉన్నాడు!

“ఏం తాతా, తిండి బాగాలేదా?”

“తిండికేం బాబూ, మారాజులా పెట్టారు. రాత్రి తలుపేసేశారు. నా మూట ఎక్కడో దాచారు. నిద్దరెలా పడుద్ది?”

నాకు కోపం వచ్చిన మాట నిజం. మా ఆవిడ మాత్రం, “మిమ్మల్ని గదిలో పెట్టి, బీరువా తాళాలు పట్టుకుపోతే మీరు గురకపెట్టి నిద్రపోతారు కాబోలు!” అంది.

అప్పుడు కూర్చుని చదివాను. 1952లో మదర్ థెరిసా కలకత్తా కాళీఘాట్‌లో గుడి పక్కనున్న యాత్రికుల సత్రంలో ‘నిర్మల్ హృదయ్’ పెట్టారు. వీధిలో పోయేవాళ్లకు వరుసగా మంచాలు, పక్కన మనిషి. కాని నొప్పి తగ్గించే గట్టి మందులు లేవని 1994లో ‘లాన్సెట్’ సంపాదకుడు చూసి వచ్చి రాశాడు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ తెరిచిన ఆసుపత్రిలో అసలు పట్టుదలంతా ఆ నొప్పిమీదే. నన్ను ఆపింది మాత్రం కెనడాలోని ఒట్టావా. అక్కడ 2001లో, ఇల్లులేనివాళ్లు రోజూ తలదాచుకునే సత్రంలోనే చివరి రోజులకు పడకలు వేశారు. స్నేహితులను వదిలి ఎక్కడికీ పోనక్కరలేదు. తాగుడు మానితేనే రానిస్తామనీ అనరట! ఇక్కడ మనవాళ్లు ముక్కుమీద వేలేసుకుంటారు. నేనూ వేసుకున్నాను.

ఆశ్రమం మేనేజరుగారిని వెళ్లి కలిశాను. ఆయన మంచివారే.

“అయ్యా, గది వద్దు. వరండాలో మంచం, గేటు కనబడేలా. మూట తలకింద.”

“చలేస్తుందండీ.”

“ఆయనకు చలి కొత్తా?”

చివరికి తడిక కట్టించి ఒప్పుకున్నారు. నర్సమ్మ వేళకు నొప్పిమందు ఇచ్చేది. టీ కొట్టతను, ‘బంధువులైతేనే’ అన్న నియమం పక్కనపెట్టి, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. తాత మరి పారిపోలేదు. సంక్రాంతి వెళ్లిన నాలుగోనాడు ఆ మంచంమీదే పోయాడు.

బీడీ సంగతి మాత్రం మేనేజరుగారూ నేనూ అప్పటికింకా తేల్చుకోలేదు.