ఒక ఏనుగు కావలెను

చదరంగపు పెట్టెలో 32 పావులుండవలె. మన కళాశాల ఆటల గదిలోని బీరువాలో మూడు కొయ్య పెట్టెలున్నవి. మూడింటికీ కలిపి 96 పావులకు 89 మిగిలినవి. మూడూ మూడు కొలతలవి గనుక ఒకదాని లోటు మరొకదానితో తీరదు. పోయిన పావుల స్థానములో సుద్దముక్క, రబ్బరు, సీసామూత నిలబడి రాజ్యములేలుచున్నవి. ఏటా కొత్త పెట్టెకు దరఖాస్తు పెట్టుట, అది ప్లాస్టిక్ పెట్టెగా వచ్చుట, ఆరు మాసములలో అందులోనూ రెండు పావులు మాయమగుట మనకు ఆనవాయితీ అయినది. ఈ పద్ధతి మాని, పోయిన పావులను మనమే చేసికొనవలెనని మా అభిప్రాయము. పాలకవర్గము వారు దీనిని పిల్లల వేడుకగా తలపక చదువ ప్రార్థన.

ఏమంత అవసరమని అడిగినవారున్నారు. గత సంవత్సరము ఎంపిక పోటీలకు సిద్ధపడుచు మా మిత్రుడొకడు సీసామూతను శకటుగా పెట్టుకొని ఆడినాడు. గెలుపు చేతికందు సమయమున ఆ మూతను బంటుగా భ్రమించి పోగొట్టుకొన్నాడు. తప్పు అతనిదే. అయినను ఆటగాడు బల్లవంక చూచునప్పుడు ఆకారములను చూచును గాని, ఏ మూత ఏ పావునకు బదులో జ్ఞాపకము చేసికొనుచు కూర్చుండడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్ మాస్టర్ అయినది. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. ఆమె ఆడిన ఆటను పత్రికలో చూచి ఎత్తు వెంట ఎత్తు వేసి చూతమన్నా మన గదిలో నిండు పెట్టె లేదు.

మా సహాధ్యాయి ఒకని ఇంటి వసారాలో తరిమెన ఉన్నదని రెండేండ్ల వరకు మాకెవ్వరికీ తెలియదు. అతడు చెప్పలేదు. వారి తండ్రిగారు ఒకప్పుడు మార్కాపురము పలకలకు చెక్క చట్రములు కట్టినవారు. బడిపిల్లల చేతిలోనికి నోటు పుస్తకము, ప్లాస్టిక్ పలక వచ్చిన తరువాత ఆ పని సన్నగిల్లి, ఇప్పుడు మంచపుకోళ్ళు, తలుపు పిడులు తరిమెన పట్టుచున్నారు. తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు ఆ మిత్రుడెందుకు సంకోచించినాడో మేము అడుగలేదు. కళాశాలలో ఆ సంకోచమునకు తగిన వాతావరణమున్నదని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

మొదటి పావు విషయములో ఒక వింత జరిగినది. ఉర్దూ విభాగపు మిత్రుడు జాబితా వ్రాసి ఇచ్చినాడు: ఒక ఫీల్ పోయినది. ఫీల్ అనగా ఏనుగు. తెలుగు విభాగము వారము దానిని శ్రద్ధగా అనువదించి, “ఒక ఏనుగు కావలెను” అని చీటీ పంపినాము. నాలుగు దినములకు చక్కని ఏనుగు వచ్చినది. అది మూలగడిలో నిలుచు ఏనుగు. మాకు పోయినది రాజు ప్రక్కన నిలుచు శకటు!

“ఏనుగంటే మూలదే గదయ్యా?” అన్నారు ఆచారిగారు. ఆయన తప్పు లేదు. అనువాదములోనూ తప్పు లేదు. ఫారసీ వాడుకలో ఏనుగు రాజు దాపున నిలుచును, మూలన ఉండునది రుఖ్. అరబ్బీ అల్‌ఫీల్ స్పెయిను దేశము చేరి, నేటికీ అక్కడ ఆ పావు అల్‌ఫిల్ అనియే పిలువబడుచున్నది. మన తెలుగువారు ఏనుగును మూలకు పంపి, దాని చోట శకటును నిలిపినారు. రెండు భాషల కళాశాలలో ఇన్నేండ్లు కలిసి ఆడుచు ఈ సంగతి ఎరుగక పోవుట మాకే విడ్డూరముగా తోచినది. అటుపిమ్మట చీటీ మాని, మిగిలియున్న జోడు పావునే వెంట తీసికొనిపోయినాము.

జోడు పావు చేతనుండగా పని తేలికయని తలచితిమి. కాదు. ముందుగా అట్టముక్కను పావు వంపులకు సరిపోవునట్లు కత్తిరించి, తిరుగుచున్న కొయ్యకు దానిని ఆనించి, వెలుతురు ఎక్కడ కనబడునో అక్కడ ఉలి ఆపవలె. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య సూచించిన కొలతలలో రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, బంటు 5. గడి భుజము బంటు అడుగు వెడల్పునకు రెట్టింపు, అనగా ఒక గడిలో నాలుగు బంట్లు పట్టవలె. మన పెట్టెలు ఈ లెక్కకు లోబడినవి కావు గనుక, పాత పావే మాకు ప్రమాణమైనది.

కొయ్య సంగతి ఇంకొకటి. నల్లమల దాపుననే ఉన్నదని గొడ్డలి పట్టుకొని పోరాదు. ఎర్రచందనము పేరే ఎత్తరాదు. విరిగిన ఎద్దుబండి ఆకు ఒకటి దొరికినది. తుమ్మచేవ, ఎన్నో ఏండ్లు ఎండినది, నల్ల పావునకు రంగే అక్కరలేకపోయినది. తెల్ల పావునకు ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు వంటి తెల్లని, సన్నని పొరల కొయ్య కావలె. తొందరపడి పచ్చి కొయ్యతో చేసిన మా మొదటి తెల్లబంటు నెల తిరుగకముందే కోడిగ్రుడ్డు వాటమునకు వచ్చినది. కొయ్య ఎండునప్పుడు వలయముల వెంట ఎక్కువగాను, వాటికి అడ్డముగా తక్కువగాను కుదించుకొనును. పుస్తకములో చదివి మరచినదానిని ఆ బంటు నేర్పినది. అది బీరువాలో ఉన్నది, చూడవచ్చును.

అడుగు బరువునకు మన ఊరి పలకరాతి బిళ్ళను అతికింతమని ముచ్చటపడినాము. పొరలుగా విడిపోయినది. పైగా ఇనుము ఆ రాతికంటె దాదాపు మూడింతలు బరువు. కనుక అడుగున రంధ్రము చేసి ఇనుప నట్టు దిగగొట్టి, ఉన్నిగుడ్డ అంటించినాము. సీసము వాడరాదు, అది విషము. మెరుగు మాత్రము పాత పద్ధతిలోనిదే: తిరుగుచున్న పావునకు లక్కకడ్డీ ఆనించగా ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టును.

ప్లాస్టిక్ పెట్టె చౌక గదా అనువారికి మా సమాధానము సూటిగా లేదు. నిజమే, చౌక. మా పావుల మీద వెచ్చించిన దినములను లెక్క వేసినచో ఏ వర్తకుడైనను నవ్వును. గుర్రము తల అందరి వలన కాదనియు ఒప్పుకొందుము. 1849లో ఇంగ్లండులో నమోదైన స్టాంటన్ నమూనాకు నేడు ప్రసిద్ధ కార్యస్థానమైన అమృతసరములో గుర్రపు తలలు చెక్కువారు ప్రత్యేకముగా ఉందురు. అయితే చౌకపెట్టె కొన్నప్పుడు మన ఊరి తరిమెనకు పని దొరకదు, ఆ మిత్రుడు ఇంకొక రెండేండ్లు నోరు విప్పడు.

కనుక పాలకవర్గము వారిని మేము కోరునది స్వల్పము. ఆటల గది వెనుక వసారాలో ఒక బల్ల, ఒక వైసు, రెండు ఉలులు, ఆకురాళ్ళు. శనివారము మధ్యాహ్నము రెండు గంటలు. నేర్పుటకు ఆచారిగారిని పిలువవలె. గౌరవముతో పాటు కూలియు ఇచ్చి పిలువవలె. ఊరకనే వచ్చి నేర్పుదురులే అని సభలో ఎవరో అన్న మాట మాకు రుచించలేదు. ఉపన్యాసకులకు జీతమిచ్చు సంస్థ ఆయన మధ్యాహ్నమును ఉచితముగా ఆశింపరాదు.

ఏడింటిలో ఐదు పావులు ఇప్పటికి బీరువాకు చేరినవి. పొరపాటున వచ్చిన ఏనుగు అదనము. తెల్లరాజు అరపోతగా ఉన్నాడు. నల్లగుర్రమును మేమే చెక్కుచున్నాము. ప్రస్తుతము అది మేకను పోలియున్నది. చెవులు ఇంకను తీయవలసియున్నది.