మహమ్మారి నష్టం ఎవరి ఖాతాలో?

2020లో కరోనా వల్ల ఎగుమతులు, విదేశీ పెట్టుబడులు ఎంత పడిపోయాయో ఆర్థికవేత్తలు లెక్కలు కట్టారు. ఆ లెక్కల్లో స్త్రీల కూలి ఎక్కడుందన్నదే నా ప్రశ్న.

బంగ్లాదేశ్‌నే చూడండి. ఆ దేశపు ఎగుమతుల్లో 80 శాతానికి పైగా రెడీమేడ్ దుస్తులే. కుట్టేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. 2020 మార్చిలో యూరప్, అమెరికాల్లో దుకాణాలు మూతపడగానే విదేశీ కంపెనీలు సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లను రద్దు చేశాయి, లేదా నిలిపేశాయి. కుట్టి సిద్ధంగా ఉన్న సరుక్కి కూడా కొన్ని కంపెనీలు డబ్బివ్వలేదు. విపత్తు వస్తే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చనే షరతు చూపించాయి. సరుకు పంపిన ఎన్నో వారాలకు గాని డబ్బు రాని వ్యాపారమది. అందుకే నష్టం ముందు ఫ్యాక్టరీ మీద, ఆపైన కార్మికురాలి మీద పడింది. జీతాల కోసం ప్రభుత్వం యజమానులకు 5,000 కోట్ల టాకాల అప్పు ఏర్పాటు చేసింది. కొన్నవాళ్లు చెల్లించాల్సిన కూలి భారాన్ని ఒక పేదదేశం మోసింది!

కార్మిక సంఘాలు, స్త్రీలు నిలదీశాక చాలా కంపెనీలు బాకీ తీర్చాయి. అంటే డబ్బు లేక కాదు, అడిగేవాళ్లు లేరనుకుని ఆపారు.

కొనేవాళ్లను విపత్తు నుంచి కాపాడే షరతు ఉన్నప్పుడు, కుట్టిన చేతులకు కూలి ఆగదనే షరతు ఎందుకుండకూడదు? అది దయ కాదు, హక్కు. తర్వాతి మహమ్మారి రాకముందే దాన్ని ఒప్పందాల్లో రాయించుకోవాలి.