‘లైన్ క్లియర్’ నోటిమాటతో సరా?

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర రైతులు గుమిగూడడం నల్లగొండ జిల్లా పల్లెల్లో మామూలే. ఫ్యూజు పోతుంది, జంపరు తెగుతుంది, చెట్టు కొమ్మ తీగల మీద విరిగి పడుతుంది. కబురు అందుకున్న లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కుతాడు. అంతసేపూ ఆయన ప్రాణం ఎక్కడో దూరాన సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్ చేతిలో వుంటుంది. వారిద్దరి మధ్య నడిచిన మాటలో ఏ చిన్న పొరపాటు వున్నా అంతే సంగతులు.

ఈ మాటకు విద్యుత్ శాఖలో ఒక పద్ధతి వుంది. ‘లైన్ క్లియర్’ అంటారు. ‘ఎల్‌సీ’ అంటే పల్లెల్లో అందరికీ తెలుసు. పని ఏ ఫీడరు మీద, ఏ చోటనో చెప్పి లైన్‌మన్ అడగాలి. ఆపరేటర్ ఆ ఫీడరు ఆపి, వేళతో సహా పుస్తకంలో రాసుకోవాలి. పని ముగిసి, మనుషులంతా కిందికి దిగి, ఎర్త్ రాడ్లు తీసిన తర్వాత ఎల్‌సీ తీసుకున్నవాడే దాన్ని తిరిగి ఇవ్వాలి. అప్పుడు గాని కరెంటు వదలరాదు. తీగను ముట్టుకునే ముందు ఎర్తింగు వంటి జాగ్రత్తలు తీసుకోవాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. కేంద్ర విద్యుత్ అథారిటీ 2010లోనూ, 2023లోనూ తెచ్చిన భద్రతా నిబంధనలూ అదే చెబుతున్నాయి.

నిబంధనలకు లోటు లేదు. చిక్కంతా ఫోనులో నడిచే నోటిమాటతోనే వస్తోంది. “అరగంట ఆపన్నా, తర్వాత వేసెయ్” అని చెప్పి స్తంభం ఎక్కేవారున్నారు. అరగంట పనికి గంట పడితే? పైనున్న మనిషికి జేబులో ఫోను తీసే వీలుండదు. గడియారం చూసి స్విచ్ వేసిన ఆపరేటర్ తనకు చెప్పినట్టే చేశానంటాడు. అందుకే వేళ చెప్పి కరెంటు వేయించుకునే అలవాటు పూర్తిగా మానాలి.

“మా వూరి లైను ఆపు” అనడం ఇంకో ముప్పు. కొన్ని వూళ్లకు రెండు ఫీడర్లు వస్తాయి, ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. ఒకటి ఆపి మరొకదాని మీద పని చేస్తే ఎదురయ్యేది 11 వేల వోల్టులు. ఫీడరు పేరు చెప్పడం, విన్నవాడు దాన్ని తిరిగి పలికి ఖాయం చేసుకోవడం అర నిమిషం పని. ఒకే ఫీడరు మీద రెండు జట్లు పని చేస్తుంటే రెండు ఎల్‌సీలూ తిరిగి వచ్చేదాకా ఆగవలసిందే. ఆపరేటర్ డ్యూటీ మారే వేళ ఈ సంగతి పుస్తకంలో లేకపోతే కొత్తగా వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది?

తప్పంతా సిబ్బంది మీదకు నెట్టి మనం తప్పుకోలేము. నారు ఎండుతోందని పదిమందీ ఆపరేటర్‌కే ఫోన్లు చేస్తారు. “ఇక్కడ పనయిపోయింది, వెయ్యండి” అని సంబంధం లేనివారెవరో అంటారు. ఫిర్యాదులకు 1912 నంబరు వుండగా ఆపరేటర్‌ను ఒత్తిడి చేయడం ఎందుకు? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరీ ఘోరం. ఒక రైతు ఏబీ స్విచ్ దించి ఫ్యూజు వేస్తుంటాడు. సంగతి తెలియని ఇంకొకరు వచ్చి దాన్ని ఎత్తేస్తారు. ఎవరూ ఎత్తకపోయినా, తుప్పు పట్టిన స్విచ్‌లో మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుపోయి కరెంటు పారుతూనే వుండవచ్చు. అది లైన్‌మన్ పని, రైతు చేయి పెట్టకూడదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయింది. అంతకు ముందు వంతుల వారీగా ఇచ్చేవారు గనుక, కరెంటు పోయే వేళ చూసుకుని మోటారు దగ్గర చేయి పెట్టేవారు. ఆ పాత లెక్క ఇప్పుడు పనికిరాదు. ఆటోస్టార్టర్ వుంటే కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. బావి దగ్గర మనిషి వున్నాడని దానికి ఎవరు చెబుతారు?

యాసంగి నాట్లకు ముందే అధికారులు ప్రతి ఏబీ స్విచ్ హ్యాండిల్‌కూ తాళం వేయించి, తాళంచెవి పని చేసే మనిషి దగ్గరే వుండేట్టు చూడాలి. ప్రైవేటు హెల్పర్లను ఒంటరిగా స్తంభం ఎక్కించడం ఆపాలి. సబ్‌స్టేషన్లలో ఎల్‌సీలకు ఒక ఫోను విడిగా కేటాయించి, ఆ నంబరు సిబ్బందికి తప్ప మరెవరికీ ఇవ్వకూడదు.