ఇల్లు పంచుకొనవలసి వచ్చినప్పుడు



ఒక సహోదరి ఉత్తరం వ్రాసింది. ఆమె, ఆమె భర్త 2 ఏళ్ళుగా వేరుగా ఉంటున్నారు. ఇద్దరూ కష్టపడి కట్టుకున్న ఇల్లు ఇద్దరి పేరు మీదనే ఉంది. అందులో తన వాటా అడగవచ్చునా, అడిగితే సంఘంలో తప్పుగా అనుకుంటారా అన్నది ఆమె ప్రశ్న.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇలాంటి ప్రశ్నకే నేను ఒకసారి తప్పు జవాబు చెప్పాను. 12 ఏళ్ళ క్రితం ఒక కుటుంబం తగవు మా పెద్దల ముందుకు వచ్చింది. ఆ సహోదరి కువైట్‌లో 6 ఏళ్ళు ఇంటిపని చేసి, ఇల్లు కట్టడానికి 4 లక్షలు పంపింది. ఇల్లు లేచింది, కాపురం కూలింది. "నువ్వు పెట్టినది 4 లక్షలు. అవి తీసుకొని సంతకం పెట్టేయమ్మా" అన్నారు పెద్దలు. "ఓర్చుకో అమ్మా, సమాధానం ముఖ్యం" అని నేనూ అన్నాను. ఆమె రిజిస్ట్రేషను ఆఫీసుకు వచ్చి విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టింది. అప్పటికి ఇంటి ధర రెండింతలు దాటిందన్న మాట మాలో ఒక్కరూ ఎత్తలేదు. ఆమె ఇప్పటికీ అద్దె గదిలోనే ఉంటోంది. ఆదివారం ఆరాధనలో ఆమె ముఖం కనిపిస్తే నా ప్రసంగం నాకే అడ్డుపడుతుంది. సమాధానం పేరుతో మేము చేయించినది అన్యాయం.

ఆ తరువాత తెలిసినవారిని అడిగి కొంత నేర్చుకున్నాను. అది మీతో చెబుతాను.

పెళ్ళి తరువాత సంపాదించిన ఆస్తి అంతా విడిపోయేటప్పుడు చెరిసగం కావాలనే చట్టం మన తెలుగునాట లేదు. సాధారణంగా దస్తావేజులో ఎవరి పేరు ఉంటే వారిదే హక్కు. ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ హక్కుదారులే. విడాకులు వచ్చినా, రాకపోయినా, ఎవరు ఇల్లు విడిచి వెళ్ళినా ఆ హక్కు పోదు. ఎవరి వాటా ఎంతో దస్తావేజులో వ్రాసి ఉంటే ఆ ప్రకారమే. వ్రాయకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఎవరు ఎంత సొమ్ము పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు వస్తాయి. దానికి రుజువు లేనప్పుడు సమానంగా ఎంచుతారు. కాబట్టి డబ్బు పంపిన రసీదులు, బంగారం అమ్మిన చీటీలు, బ్యాంకు పుస్తకాలు పారవేయకండి.

ఇల్లు గోడ పెట్టి పంచడానికి వీలుకాకపోతే? 1893 నాటి విభజన చట్టంలో దీనికి దారి ఉంది. సగం గాని, అంతకంటె ఎక్కువ గాని వాటా ఉన్నవారు అడిగితే, ఇల్లు అమ్మి సొమ్ము పంచమని కోర్టు చెప్పవచ్చు. అప్పుడు రెండవవారు ఆ వాటాను తామే కొనుక్కుంటామని కోరితే, కోర్టు ధర కట్టించి వారికి ఇప్పిస్తుంది. అంటే పాత ఖర్చు లెక్క కాదు, నేటి ధర లెక్క. మేము 12 ఏళ్ళ క్రితం తప్పినది ఇక్కడే.

నిరుడు మరొక కుటుంబం వచ్చింది. భర్త తాపీ మేస్త్రి, భార్య మిషను కుడుతుంది. ఆమె పుట్టింటి బంగారం అమ్మి 150 గజాల స్థలం కొన్నారు. అతను తన చేతులతో గోడలు లేపాడు. దస్తావేజులో సమాన హక్కు అని ఉంది. ఎంత నచ్చజెప్పినా వారు కలిసి ఉండలేకపోయారు. ఇల్లు తానే ఉంచుకుంటానన్నాడు అతను.

"ధర ఎంత ఉంటుంది తమ్ముడూ?" అన్నాను.

"18 లక్షలండి అయ్యగారూ. బ్యాంకు బాకీ 2 లక్షలుంది. పోను 16. ఆమెకు 8 ఇస్తానండి."

"సరే, అదే ధరకు నీ సగం ఆమెకు అమ్ముతావా? ఆమె నీకు 8 లక్షలిచ్చి ఇల్లు తీసుకుంటుంది."

అతను చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తరువాత మెల్లగా, "30 లక్షలు పలుకుతుందండి" అన్నాడు. పెద్దలు ఇరుగుపొరుగు అమ్మకాలు విచారిస్తే అదే నిజమని తేలింది. బాకీ పోను 28 లక్షలు, ఆమె వాటా 14 లక్షలు. ఒక్క ప్రశ్నకు 6 లక్షల తేడా!

అబ్రాహాము లోతుతో విడిపోయినప్పుడు ఏ ప్రక్క కావాలో ముందు కోరుకోమని లోతుకే విడిచిపెట్టాడు. ఏ వాటా తనకు మిగిలినా సరే అనుకున్నవాడే అలా చేయగలడు. కొనేటప్పుడు ఒక తూకము, అమ్మేటప్పుడు మరొక తూకము దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చదివే మనకు ఈ లెక్క కొత్తది కాకూడదు.

మరొక చిక్కు వచ్చింది. వేరుపడిన 2 ఏళ్ళూ బ్యాంకు వాయిదా నెలకు 5,000 చొప్పున అతనొక్కడే కట్టాడు. మొత్తం 1,20,000. అందులో సగం, 60,000 ఆమె ఇవ్వాలన్నాడు. ఆ మాట న్యాయమే. అయితే ఆ 2 ఏళ్ళూ ఇంట్లో ఉన్నది అతనొక్కడే. ఆ ఇంటికి నెలకు 5,000 అద్దె వస్తుంది, సగం ఆమెది. అదీ 60,000 అయింది. సరికి సరి చేశాము. ఇలాంటివి కాగితం మీద పెడితే కోపం దానంతటదే తగ్గుతుంది.

అతను ముందుగా బాకీ తీర్చి బ్యాంకు నుండి దస్తావేజులు విడిపించాడు. ఇది మరువవద్దు. అప్పు ఇద్దరి పేర ఉంటే, మీరు విడిపోయినా బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. తరువాత 8 లక్షలు వెంటనే, మిగిలిన 6 లక్షలు ఏడాదిలో 2 వాయిదాలుగా ఇచ్చేట్టు వ్రాసుకున్నారు. చివరి రూపాయి అందిన తరువాతనే ఆమె విడుదల దస్తావేజు రిజిస్టరు చేసింది. పెద్దల ఎదుట తెల్లకాగితం మీద వ్రాసుకున్నంత మాత్రాన ఇంటి హక్కు మారదు. రిజిస్టరు కావాలి. ఒకసారి రిజిస్టరు అయ్యాక వెనుకకు తీసుకోవడం బహు కష్టం. అందుకే డబ్బు ముందు, సంతకం తరువాత.

ఇల్లు భర్త పేరున మాత్రమే ఉన్న సహోదరీలు నిరాశపడవద్దు. వాటా రాకపోయినా, కాపురమున్న ఇంటిలో నివసించే హక్కును 2005 నాటి గృహహింస చట్టం భార్యకు ఇచ్చింది. చట్టప్రకారం తప్ప ఆమెను బయటకు నెట్టరాదు. మనోవర్తి అడిగే హక్కు వేరుగా ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థలో అడగండి. లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీపడితే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం.

భార్యే ఇల్లు ఉంచుకొని భర్త బయటకు వెళ్ళినా లెక్క ఇదే. న్యాయానికి ఆడ, మగ లేదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. కాపురం నిలబెట్టడానికి చివరివరకు ప్రయాసపడండి. నిలబడనప్పుడు మాత్రం, బలహీనులను ఓర్చుకొమ్మని చెప్పి బలవంతుల పని తేలిక చేయకండి. నేను అలా చేశాను, ఆ బరువు ఇంకా మోస్తున్నాను.

ఉత్తరం వ్రాసిన సహోదరీ, నీ వాటా అడగడం తప్పు కాదు. దస్తావేజు నకలు తీసుకో, బ్యాంకు బాకీ ఎంతో తెలుసుకో, నేటి ధర నలుగురిని విచారించు. నీవు ఏ ధరకు ఇస్తావో ఆ ధరకే తీసుకోవడానికీ సిద్ధపడు. ఆ లెక్క తేలేవరకు, ఎవరు చెప్పినా, పాస్టరు చెప్పినా సరే, సంతకం పెట్టకమ్మా.