ఎరుకకు యజమాని లేడు

అంతా మన మనసులోనే ఉందని, బుద్ధుడు చెప్పిందీ అదేనని ధ్యాన తరగతుల్లో, టీవీ ప్రసంగాల్లో, వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో తరచూ వింటున్నాం. దానికి జంటగా మరో మాట కూడా ప్రచారంలో ఉంది. ఆలోచనలన్నీ అణిగాక లోపల నిర్మలమైన సాక్షి ఒకడు మిగులుతాడు, ధ్యానం ఆ సాక్షిని చేరుకోవడానికే, బోధివృక్షం కింద సిద్ధార్థుడికి దొరికింది కూడా అతడేనని. మొదటి మాట మనసును లోకానికి కర్తగా చేస్తుంది. రెండోది మనసు వెనుక మార్పు లేని ద్రష్టను నిలబెడుతుంది. పైకి వేర్వేరుగా కనబడినా రెండింటి అడుగునా ఉన్నది ఒకే నమ్మకం: మనసు దేని మీదా ఆధారపడకుండా తనంత తానుగా నిలిచి ఉంటుందని. బౌద్ధం పుట్టినప్పటి నుంచీ అత్యంత పట్టుదలగా ప్రశ్నించింది సరిగ్గా ఆ నమ్మకాన్నే. ఒక తత్వం ఏది కాదందో దాన్నే ఆ తత్వం పేరుతో ప్రచారం చేయడం పండితుల మధ్య తేల్చుకుని వదిలేయగల చిన్న తేడా అని నేను అనుకోను. దాని నష్టం మామూలు మనుషుల దాకా వస్తోంది.

పాళీ గ్రంథాల్లో ఈ పొరపాటు చేసిన మనిషి పేరుతో సహా నమోదై ఉన్నాడు. మజ్ఝిమ నికాయంలోని 38వ సుత్తంలో సాతి అనే భిక్షువు కనిపిస్తాడు. జాలరి ఇంట పుట్టినవాడు. జన్మ నుంచి జన్మకు మారకుండా సాగిపోయేది ఈ ఎరుకేనని, బుద్ధుడి బోధ తనకు అలాగే అర్థమైందని తోటి భిక్షువులతో వాదిస్తాడు. వాళ్లు ఎంత నచ్చజెప్పినా వినడు. చివరికి బుద్ధుడే పిలిపించి, నువ్వు చెప్పే ఆ ఎరుక ఏమిటని అడుగుతాడు. మాట్లాడేది, అనుభవించేది, మంచి చెడు కర్మల ఫలాన్ని పొందేది అని సాతి జవాబిస్తాడు. నికాయాల్లో బుద్ధుడు అంత కటువుగా మందలించిన సందర్భాలు తక్కువ. కారణాలు లేకుండా ఎరుక పుట్టదని నేను ఎన్నో విధాలుగా చెప్పలేదా అని నిలదీస్తాడు. ఆ తర్వాత విడమరిచి చెబుతాడు. కన్నూ రూపమూ కలిసినప్పుడు పుట్టేది కంటి ఎరుక, చెవీ శబ్దమూ కలిసినప్పుడు పుట్టేది చెవి ఎరుక, మనసుకు భావం తగిలినప్పుడు పుట్టేది మనో ఎరుక. కట్టెలు కాలితే కట్టెల మంట అంటాం, గడ్డి కాలితే గడ్డిమంట, పిడకలు కాలితే పిడకల మంట. వీటన్నిటికీ వెనుక, ఏ ఇంధనమూ అక్కర్లేని అసలు మంట ఒకటి దాగి ఉందని ఎవరూ అనుకోరు. ఎరుక సంగతీ అంతేనన్నది ఆయన వివరణ.

సాక్షి అంటే సాతి చెప్పినట్టు మాట్లాడేవాడూ అనుభవించేవాడూ కాదు, వాటికి అతీతుడని కొందరు సర్దిచెబుతారు. ఆ దారినీ పాళీ సుత్తాలు ఖాళీగా వదల్లేదు. సర్వం అంటే ఏమిటో సంయుత్త నికాయంలోని ఒక చిన్న సుత్తం చెబుతుంది: కన్ను, రూపం, చెవి, శబ్దం... ఇలా ఆరు ఇంద్రియాలు, వాటి ఆరు విషయాలు. దీన్ని కాదని ఇంకో సర్వాన్ని చూపిస్తానన్నవాడు వివరణ అడిగితే ఇవ్వలేడని, అది అతని అనుభవ పరిధిలోనిది కాదని అక్కడే ఉంది. అనాత్మ గురించిన బోధలో రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలతో పాటు ఎరుకను కూడా 'ఇది నాది కాదు, ఇది నేను కాదు' అని చూడమన్నారు. ఎరుకను మినహాయించి మిగతా నాలుగింటినే వదలమని ఉంటే సాక్షివాదానికి చోటు దొరికేది. అలాంటి మినహాయింపు ఎక్కడా లేదు.

అడవిలో కొమ్మ నుంచి కొమ్మకు దూకే కోతి ఉపమానాన్నే చూడండి. మనసు చంచలమైనది, దాన్ని కట్టెయ్యాలి అనే అర్థంలో మనవాళ్లు దీన్ని రోజూ వాడుతున్నారు. ఆ ఉపమానం ఉన్న సంయుత్త నికాయ సుత్తం అసలు మాట్లాడుతున్నది మరో విషయం. తెలియని మనిషి దేన్నో ఒకదాన్ని 'నేను' అనుకోక తప్పదంటే శరీరాన్ని అనుకోవడమే నయం అంటాడు బుద్ధుడు. ఎందుకంటే శరీరం ఏడాది, పదేళ్లు, నూరేళ్లు కూడా నిలిచినట్టు కనబడుతుంది. మనసు, చిత్తం, ఎరుక అని పిలిచేది రాత్రీ పగలూ ఒకటిగా పుట్టి మరొకటిగా అణగిపోతుంది, కోతి ఒక కొమ్మను వదిలి మరో కొమ్మను పట్టుకున్నట్టు. మనసును 'నేను' అనుకోవడం శరీరాన్ని 'నేను' అనుకోవడం కన్నా పెద్ద పొరపాటు అని చెప్పే చోటును మనం మనసును లొంగదీసుకునే చిట్కాగా మార్చేశాం. ఆధ్యాత్మికత పేరుతో శరీరాన్ని తక్కువచేసి మనసును సింహాసనం ఎక్కించే అలవాటుకు ఇంత సూటి జవాబు భారతీయ వాఙ్మయంలో అరుదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అంగుత్తర నికాయంలోనే చిత్తం ప్రభాస్వరమైనదని, దాన్ని మలినపరిచేవి బయటి నుంచి వచ్చే క్లేశాలని ఉంది. మహాయానంలో ఈ బీజం, ప్రతి ప్రాణిలోనూ బుద్ధత్వం దాగి ఉందనే తథాగతగర్భ సిద్ధాంతంగా పెరిగింది. మహాయాన మహాపరినిర్వాణ సూత్రం ఆత్మ అనే పదాన్నే బాహాటంగా వాడింది. 14వ శతాబ్దిలో టిబెట్టులో జొనాంగ్ సంప్రదాయానికి చెందిన దోల్పొపా పరమసత్యం నిత్యమనే దాకా వెళ్లాడు. కాబట్టి బౌద్ధంలో ఆ గొంతు ఏనాడూ లేదంటే అది అబద్ధమే అవుతుంది. అయితే బౌద్ధులు ఆ గొంతును ఎలా విన్నారో చూడాలి. తథాగతగర్భం తీర్థికులు, అంటే ఇతర మతాల గురువులు, చెప్పే ఆత్మవాదం లాంటిదే కదా అని లంకావతార సూత్రంలో మహామతి బోధిసత్త్వుడు నేరుగా అడుగుతాడు. అనాత్మ అనే మాట వింటే భయపడేవాళ్ల కోసం శూన్యతనే ఆ పేరుతో చెప్పామని, అది ఆత్మవాదం కాదని జవాబు వస్తుంది. ప్రభాస్వరత అంటే మలినాలు తొలగగలవనే భరోసా. మలినం అంటని ఒక వ్యక్తి లోపల కూర్చున్నాడని దానికి అర్థం చెప్పాలంటే ఆ సుత్తంలో లేని మాటలు కలపాలి.

'అంతా మనసే' అన్న యోగాచార బౌద్ధ శాఖ మాటేమిటి అని అడగవచ్చు. ఆ శాఖ ఆచార్యుడు వసుబంధుడు వింశతికలో బయటి వస్తువుల స్వతంత్ర ఉనికిని ప్రశ్నించింది నిజమే. కానీ ఒకరి మనఃప్రవాహం మరొకరి మనఃప్రవాహం మీద ప్రభావం చూపుతుందని అదే పుస్తకంలో వాదించాడు. నా ఆలోచన నా లోకాన్ని తయారు చేస్తుందన్న ఏకాకి సిద్ధాంతం ఆయనది కాదు. త్రింశికలో ఆలయవిజ్ఞానాన్ని, అంటే సంస్కారాల బీజాలను మోసే లోతైన ఎరుకను, వరద ప్రవాహంతో పోల్చాడు, అర్హత్వం పొందినప్పుడు అది ఆగిపోతుందనీ అన్నాడు. పారేదీ ఆగిపోయేదీ నిత్య సాక్షి కాలేదు. ఇక ధమ్మపదం మొదటి రెండు గాథలను 'నీ ఆలోచనలే నువ్వు' అనే నినాదంగా తిప్పుతున్నారు. అవి చెడ్డ మనసుతో పలికినా చేసినా దుఃఖం వెంటవస్తుందని, స్వచ్ఛమైన మనసుతో చేస్తే సుఖం వెంటవస్తుందని చెబుతున్నాయి. అంటే కర్మ గురించి, బాధ్యత గురించి. ఊహించుకుంటే జరుగుతుందని వాటిలో లేదు.

బుద్ధుడిని ఉపనిషత్తుల కొనసాగింపుగా చదివినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ముఖ్యులు. తెలుగు కుటుంబంలో పుట్టి, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన ఆయన మాట మన చదువరుల మీద గాఢంగా పనిచేసింది. 1923లో వచ్చిన ఇండియన్ ఫిలాసఫీ మొదటి సంపుటంలో ఆయన బుద్ధుడి మౌనాన్ని నిరాకరణగా తీసుకోనక్కర్లేదని, ఆ మౌనం వెనుక ఉపనిషత్తుల దృష్టి ఉందని వాదించారు. ఆ పాండిత్యం మీద గౌరవంతోనే ఒక సంగతి గుర్తుచేయాలి. ఆత్మ ఉందా లేదా అని వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు తాను ఎందుకు మాట్లాడలేదో బుద్ధుడే శిష్యుడు ఆనందుడికి చెప్పాడు. ఉందంటే శాశ్వతవాదుల పక్షం చేరినట్టవుతుంది, సమస్త ధర్మాలూ అనాత్మ అన్న జ్ఞానానికి అది పొసగదు. లేదంటే మరణంతో అంతా అంతమనే ఉచ్ఛేదవాదుల పక్షం అవుతుంది, నిన్నటిదాకా నాకు ఆత్మ ఉండేది, ఇప్పుడు పోయిందని అతను మరింత అయోమయంలో పడతాడు. మౌనానికి కారణం పాఠంలోనే ఉన్నప్పుడు దాన్ని మన ఇష్టమైన అర్థంతో నింపడం సబబు కాదు. ఆ సంవాదం మరో అపార్థానికి కూడా అడ్డుకట్ట వేస్తుంది: మనసే లేదని, ఏదీ లేదని బౌద్ధం చెప్పలేదు. శూన్యమంటే ఆధారపడి పుట్టడమేనని నాగార్జునుడు పదేపదే చెప్పింది ఆ భయాన్ని తీర్చడానికే.

బుద్ధుడి బోధకూ ఆత్మవాదానికీ ఉన్న ఈ తేడాను బౌద్ధుల ప్రత్యర్థులు మనకన్నా స్పష్టంగా గ్రహించారు. ఆదిశంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో, ప్రతిదీ క్షణంలో పుట్టి నశిస్తుందనే బౌద్ధ క్షణికవాదాన్ని ఖండించడానికి జ్ఞాపకాన్ని ఆయుధం చేసుకున్నారు. చూసినవాడు, గుర్తు చేసుకునేవాడు ఒకడే కాకపోతే జ్ఞాపకం ఎలా సాధ్యం? ఇది నిజంగా గట్టి ప్రశ్న. వసుబంధుడు అభిధర్మకోశం చివరి భాగంలో దీనికి జవాబు వెతికాడు. పూర్వానుభవం వదిలిన సంస్కారం అదే ప్రవాహంలో తరువాతి చిత్తాన్ని పుట్టిస్తుంది, ఆ కారణ సంబంధం చాలు, మధ్యలో యజమాని అక్కర్లేదన్నాడు. ఈ జవాబు అందరికీ తృప్తి ఇవ్వకపోవచ్చు. నాకు మాత్రం యజమానిని ఊహించినంత మాత్రాన జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలియదన్న సంగతి బలంగా తోస్తుంది. వాదం ఎటు తేలినా ఒకటి ఖాయం. బుద్ధుడు చెప్పిందీ తాను చెప్పిందీ ఒకటేనని శంకరులు అనుకోలేదు. అనుకుని ఉంటే అన్ని పుటల ఖండన రాయాల్సిన పని ఉండేది కాదు.

తెలుగు నేలకు ఈ చర్చలో చోటుంది. ఒక చిత్తం రోజంతా నిలుస్తుందా అనే వివాదాన్ని థేరవాదుల వాదగ్రంథం కథావత్థు నమోదు చేసింది. నిలుస్తుందన్నవారు అంధకులని దాని వ్యాఖ్యానం చెబుతోంది. పూర్వశైల, అపరశైల వంటి శాఖలను ఆ పేరుతో పిలిచేవారు. నాగార్జునకొండలోని 3వ శతాబ్ది ఇక్ష్వాకుల శాసనాల్లో, అపరశైలులుగా భావించే అపరమహావినసేలియుల పేరు ఇప్పటికీ చదవవచ్చు. చిత్తం రోజంతా నిలిచేటట్టయితే సగం రోజు పుట్టడానికి, సగం రోజు నశించడానికి పడుతుందా అని థేరవాదులు అంధకులను ఎదురు ప్రశ్నించారు. గమనించాల్సింది ఏమిటంటే, కృష్ణాతీరపు ఆ భిక్షువులు కూడా చిత్తం కొంతకాలం నిలుస్తుందన్నారు తప్ప నిత్యమనలేదు. ప్రత్యర్థి ఎంత నొక్కినా దాటని గీత అది. వారి విహారాల శిథిలాల పక్కన పర్యాటకులకు మనం వినిపించే బుద్ధుడు ఆ గీతను సులువుగా దాటేస్తున్నాడు.

నష్టం గురించి మొదట్లో అన్నాను. మనసు స్వతంత్రమైనదనుకుంటే దుఃఖం మనసు చేసిన తప్పే అవుతుంది. కుంగుబాటుతో ఉన్నవాళ్లకు, నిద్రపట్టనివాళ్లకు, అప్పుల్లో కూరుకుపోయిన రైతుకు 'అంతా నీ మనసులోనే ఉంది' అన్న మాట చెప్పేది ఈ నమ్మకంతోనే. మోలియ శివకుడనే పరివ్రాజకుడు ఒకసారి బుద్ధుడిని అడిగాడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే వస్తాయని కొందరు శ్రమణులు చెబుతున్నారు, నిజమేనా అని. కొన్ని బాధలు పిత్తం వల్ల, కొన్ని శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసి, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, దెబ్బ తగలడం వల్ల, కొన్ని కర్మ వల్ల కలుగుతాయన్నాడు బుద్ధుడు. అన్నీ కర్మేననేవారు స్వయంగా తెలిసినదాన్ని, లోకం నిజమని ఒప్పుకున్నదాన్ని కూడా దాటి మాట్లాడుతున్నారని తప్పుపట్టాడు. ఎనిమిది కారణాల్లో కర్మ ఒక్కటి మాత్రమే. దీఘ నికాయంలోని కూటదంత సుత్తంలో దొంగతనాలతో అల్లాడుతున్న రాజ్యానికి పురోహితుడు చెప్పిన మందు కూడా ఈ ఆలోచన నుంచే వచ్చింది: శిక్షలతో దొంగలు తగ్గరు, సాగు చేసేవాడికి విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వాలని. లోభం మనసులో పుడుతుంది, నిజమే, కానీ ఆ పుట్టుకకు ఆకలి ఒక కారణమని ఆ సుత్తానికి తెలుసు.

ఇదంతా ధ్యానానికి వ్యతిరేకం కాదు. స్మృత్యుపస్థాన ధ్యానం శ్వాసతో, శరీరంతో, వేదనలతో మొదలయ్యేది కూడా మనసు ఏయే కారణాల మీద నిలబడుతోందో దగ్గర నుంచి చూడటానికే. బుద్ధుడి పేరుతో ధ్యానం నేర్పేవారు సాతికి ఎదురైన ప్రశ్ననూ, శివకుడికి దొరికిన ఎనిమిది కారణాలనూ మొదటి రోజు తరగతిలోనే చెప్పాలి. అప్పుడు డాక్టరును కలవాల్సిన మనిషికి, జీతం అందక నలిగిపోతున్న మనిషికి తన బాధకు ఏయే కారణాలున్నాయో వెతికే వీలు దొరుకుతుంది. లోపలి సాక్షిని చేరుకోలేకపోయానన్న అపరాధభావంతో ఆ మనిషి ఇంటికి వెళ్లాల్సిన అవసరం ఉండదు.